రెండో తరగతి కృత్యాలు: గణితం, పఠనం (శ్రీరాంపూర్ ప్రాంతం)

ఉత్తర తెలంగాణలో శ్రీరాంపూర్ పేరుతో రెండు ఊళ్లు ప్రసిద్ధం. ఒకటి మంచిర్యాల జిల్లా నస్పూర్ మండలంలోని సింగరేణి గనుల ప్రాంతం. రెండోది పెద్దపల్లి జిల్లాలోని కాల్వశ్రీరాంపూర్. 2016 జిల్లాల పునర్విభజనకు ముందు ఇవి వరుసగా ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఉండేవి. ఆ పాత జిల్లాల ప్రాథమిక బడుల్లో రెండో తరగతికి వాడదగిన గణిత, పఠన కృత్యాలు, వాటి నేపథ్యం ఈ వ్యాస విషయం.

నేపథ్యం

ఆదిలాబాద్‌లో పిల్లల మాతృభాషకు చోటిచ్చిన తొలి ప్రయత్నాల్లో మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ చేపట్టిన గోండు విద్యా పథకం ముఖ్యమైనది. మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం 1943లో మొదలైందని ఎక్కువమంది రాశారు. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చువేశారు.

కృత్యాధార బోధన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తరించింది బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్)తో. దాని ఆరంభాన్ని కొందరు 1983గా, కొందరు 1984గా చెబుతారు. ప్రయోగ దశను లెక్కలోకి తీసుకుంటే రెండోదే సబబుగా తోస్తుంది. 1996లో రాష్ట్రానికి వచ్చిన జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) తొలి విడతలో కరీంనగర్ ఉంది. ఆదిలాబాద్ తర్వాతి విడతలో చేరింది. ఏపీపెప్ కాలంలోనే మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం బహుళ తరగతి బడుల కోసం అభ్యసన కార్డులు రూపొందించింది. తెలంగాణ ప్రభుత్వం 2022 ఆగస్టులో 1 నుంచి 5 తరగతులకు చదవడం, రాయడం, లెక్కల్లో పునాది వేసే ‘తొలిమెట్టు’ కార్యక్రమం ప్రారంభించింది.

గణిత కృత్యాలు

రెండో తరగతిలో కీలకం స్థానవిలువ. పుల్లలను పదేసి కట్టలుగా కట్టడం దీనికి చవకైన, నమ్మకమైన సాధనం. ఉదాహరణకు 52 లోంచి 27 తీసివేయాలి. పిల్లల ముందు ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఉంటాయి. రెండింటిలోంచి ఏడు పోవు కాబట్టి ఒక కట్ట విప్పాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. ఏడు తీస్తే ఐదు, రెండు కట్టలు తీస్తే రెండు కట్టలు మిగులుతాయి: 25. కట్ట విప్పిన వెంటనే పలకమీద 5ను కొట్టేసి 4 రాయించాలి. ఈ మెట్టు వదిలేస్తే పుల్లలతో వచ్చిన లెక్క నోటుపుస్తకంలో రాదు.

వామనగుంటల ఆటలో చింతగింజలు పంచడం సమభాగాలకు, మనసులెక్కకు పనికొస్తుంది. ఒక్కో గుంటలో వేసే గింజల సంఖ్య ఊరినిబట్టి మారుతుంది.

పఠన కృత్యాలు

ఒకటో తరగతిలో అక్షరాలు వచ్చిన పిల్లలు రెండో తరగతిలో ఎక్కువగా తడబడేది ఒత్తుల దగ్గర. ‘గడి’ అని రాసిన అట్టముక్కకు డ కింద ఒత్తు చీటీ పెడితే ‘గడ్డి’ అవుతుంది. పిల్లలే చీటీ పెట్టి, తీసి, రెండుసార్లూ పైకి చదవాలి. గుణింతపు చక్రం, పిల్లలు చెప్పిన మాటలనే టీచర్ రాసి గోడకు అంటించే కథాపత్రం కూడా వాడుకలో ఉన్నాయి. గోండీ, కొలామీ, లంబాడీ ఇంటిభాషగా ఉన్న పిల్లలకు కథను ముందు వారి మాటలో చెప్పించి, తర్వాత తెలుగులో చదివించడం మేలు.

కొలమానం

2021 జూలై 5న మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ రెండో తరగతికి నిమిషానికి 45–60 పదాల పఠనం, 999 వరకు సంఖ్యలు, 99 వరకు తీసివేత లక్ష్యాలుగా పెట్టింది. విభక్తులు, క్రియారూపాలు కలిసిపోయి తెలుగు పదం పొడవుగా ఉంటుంది కనుక వేగం కన్నా చదివింది చెప్పగలగడమే సరైన కొలతగా కనిపిస్తుంది.

బోధనోపకరణాలు బీరువాలో భద్రంగా ఉన్నంతకాలం ఏ పథకమూ ఫలించదు. అవి ప్రతి బిడ్డ చేతికీ అందాలి, చేత్తో చేసింది అదే పీరియడులో అంకెగా, అక్షరంగా పలకమీదికి రావాలి.