వాము వెళ్ళింది, పువ్వై వచ్చింది



పిల్లవాడు కడుపునొప్పి అనగానే మన చేయి వాము డబ్బా మీదికి పోతుంది. చిటికెడు నలిపి వాసన చూడండి. ఆ ఘాటు గింజలో ఉన్న నూనెది. అందులో ముఖ్యమైన పదార్థాన్ని డాక్టర్లు థైమాల్ అంటారు, మనం వాము పువ్వు అంటాం. సూక్ష్మక్రిముల పైపొరను చెడగొట్టి చంపే గుణం దానిది.

మా అత్తగారు వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం సీసాలో వేసి ఊపేవారు. చుక్క నీళ్ళు పోయకుండానే మూడూ కరిగిపోయేవి! కొత్తకోడల్ని, కనికట్టనుకున్నాను.

1719లో నాయ్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వాము వాసనే ఉండే థైమ్ అనే మొక్క నూనెలోంచి ఈ పలుకుల్ని తీశాడు. మనవాళ్ళకు తెలియక కాదండీ. పంతొమ్మిదో శతాబ్దంలో పూనా వంటి దక్కను ఊళ్ళ బజార్లలో వాము పువ్వు అమ్మేవారు. అయినా మొదటి ప్రపంచయుద్ధం ముందు వరకు గింజలు మూటలకొద్దీ ఓడెక్కి జర్మనీ వెళ్ళేవి, థైమాల్ అక్కడ తయారయ్యేది. గింజ మనది, లాభం వాళ్ళది.

అంత గిరాకీ ఎందుకంటారా? కొంకిపురుగు. వట్టికాళ్ళతో నడిచేవాళ్ళ పాదాల్లోంచి దూరి, పేగుల్లో చేరి రక్తం తాగే పురుగు అది. మనిషి పాలిపోయి, పనిచేయలేక కూలబడితే లోకులు సోమరి అనేవారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1909లో రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లిచ్చి దాని మీద ఉద్యమం మొదలుపెట్టించాడు. అప్పుడు వాడిన మందు థైమాలే. ముందురోజు రాత్రి విరేచనానికి ఉప్పు, తెల్లవారి థైమాల్, మళ్ళీ ఉప్పు. ఆ రోజు నూనె, వెన్న, సారాయి తగలకూడదు. ఎందుకంటే నీటిలో సరిగా కరగని థైమాల్ వాటిలో ఇట్టే కరుగుతుంది. కరిగితే పేగుల్లో పురుగు మీద పనిచేయక రోగి ఒంట్లోకి ఎక్కుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మజ్జిగలో వేసుకునే వాము వేరు, పలుకులుగా తీసిన పువ్వు వేరు. మా అత్తగారు ఆ సీసాను ఎప్పుడూ అటక మీదే దాచేవారు.

1914లో యుద్ధం రాగానే జర్మనీ సరుకు ఆగింది, ధర పెరిగింది. అప్పుడు మన దేశంలోనూ తయారీ మొదలుపెట్టారు. ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. కొంకిపురుగుకు వేరే మందులొచ్చాయి, థైమాల్‌ను గింజ లేకుండానే రసాయనాలతో చేయడం నేర్చారు. పుక్కిలించే మందు సీసా మీద థైమాల్ అని ఉందేమో చూడండి. ఉన్నా, అది వాము చేను చూసింది కాకపోవచ్చు.