మంచు కురియునా?

"వాన కురిసినది" అంటాము, "మంచు కురిసినది" అనీ అంటాము. క్రియ ఒక్కటే. పూర్వం తరగతిలో ఒక బాలుడు, "మాస్టారూ, మంచు కురిస్తే చప్పుడెందుకు కాదండీ?" అని అడిగాడు. పద్యం వల్లించమని కూర్చోబెట్టాను. ఆ ప్రశ్న నేటికీ నన్ను విడువలేదు.

అమరకోశం అవశ్యాయము, నీహారము, తుషారము, హిమములను పర్యాయపదాలుగా ఒకేచోట చేర్చింది. పగలు పైకెగసిన ఆవిరి రాత్రి చల్లబడి దిగివచ్చుటే మంచు అని క్రీ.పూ. 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ తలచాడు.

ఈ భావనను నిశితంగా పరీక్షించినవాడు లండన్ వైద్యుడు విలియం ఛార్లెస్ వెల్స్ (1757-1817). 10 గ్రెయిన్ల చొప్పున తూచిన ఉన్నిని రాత్రివేళ ఆరుబయట ఉంచి, తెల్లవారి మరల తూచేవాడు. ఒకమారు ఉన్ని చుట్టూ పైభాగం తెరచియున్న మట్టిగొట్టాన్ని నిలిపాడు. నిలువుగా కురిసే వానకు అది అడ్డు కాదు. అయినను లోపలి ఉన్నికి బయటి ఉన్నికంటె ఎంతో తక్కువ తేమ పట్టింది!

కారణమేమి? నిర్మలాకాశం క్రింద గడ్డిపరక తన వేడిని ఆకాశానికి విడిచి, చుట్టూ ఉన్న గాలికంటె చల్లబడుతుంది. దానిని తాకిన ఆవిరి బిందువవుతుంది. గొట్టం ఆకాశాన్ని చాలమేర మరుగుపరచింది గనుక లోపలి ఉన్ని అంతగా చల్లబడలేదు. మబ్బు రాత్రి మంచు తగ్గుటకూ ఇదే హేతువు. ఈ పరిశోధనలను వెల్స్ 1814లో గ్రంథంగా వెలువరించాడు. రాయల్ సొసైటీ రంఫర్డ్ పతకమిచ్చి గౌరవించింది.

వాన మేఘంలో పుట్టి నేలకు రాలుతుంది. గడ్డిపై మంచుబిందువు పుట్టినచోటనే నిలుస్తుంది. రాలనిదానికి చప్పుడెక్కడిది? నాయనా, నీ ప్రశ్నకు ఇదీ జవాబు. ఆలస్యమైనందుకు మన్నించు.