ఆ చెల్లెలిని ఎవరైనా అడిగారా?

మా ఉర్దూ మీడియం స్కూల్లో ‘రాహిబ్’ అనే మాటకు ఉస్తాద్ చెప్పిన అర్థం నాకు ఇంకా గుర్తుంది. దునియాని వదిలేసి జంగల్లో కూర్చునేవాడు. ఆ వెంటనే, ఇస్లాంలో రహ్బానియత్ లేదు అని చెప్పి పాఠం ముగించారు. పరీక్షలో అంతే రాశాను, మార్కులొచ్చాయి. సూరా హదీద్ 27వ ఆయత్‌లో రహ్బానియత్ వాళ్లంతట వాళ్లు పెట్టుకున్నదని ఉంది, నిజమే. కానీ సూరా మాయిదా 82వ ఆయత్‌లో అదే రాహిబ్‌ల ప్రస్తావన తారీఫ్‌తో వస్తుంది. అది మాకు చెప్పలేదు. ఎవరీ మనుషులు అన్న సవాల్ అలా చాలా ఏళ్లు నాలోనే ఉండిపోయింది.

వాళ్లలో అందరికంటే మషూర్ మిస్ర్ దేశపు ఆంటొనీ. దాదాపు 251లో నైలు నది ఒడ్డున ఓ ఊళ్లో కలిగిన కుటుంబంలో పుట్టాడు. పద్దెనిమిది, ఇరవై ఏళ్లకే అమ్మానాన్న ఇద్దరూ పోయారు. మిగిలింది తను, ఒక చిన్న చెల్లెలు, మంచి పొలం. ఒకరోజు చర్చిలో ఇంజీల్ చదువుతుంటే, ఆస్తి అమ్మి గరీబులకు ఇవ్వమన్న మాట ఆయన దిల్‌కి తగిలింది. పొలం ఊరివాళ్లకు ఇచ్చేశాడు. సామాను అమ్మి గరీబులకు పంచాడు. చెల్లెలి కోసం కొంచెం ఉంచి, తర్వాత అది కూడా ఇచ్చేశాడు. ఆమెను పెళ్లి వద్దనుకుని ఇబాదత్‌లో గడిపే స్త్రీలకు అప్పగించి వెళ్లిపోయాడు. ముందు ఊరి బయట, తర్వాత సమాధుల మధ్య, ఆ తర్వాత పాడుబడ్డ కోటలో ఇరవై ఏళ్లు ఒంటరిగా ఉన్నాడు. చివరికి జనం వచ్చి తలుపు బద్దలు కొట్టారట. ఎర్ర సముద్రం వైపు కొండల్లో ఆయన పేరుతో ఉన్న మఠం ఇప్పటికీ నడుస్తోంది.

కూర్చుని తిన్నవాడు మాత్రం కాదు. చేతిపని చేసేవాడు, ఇతరులకు భారం కాకూడదని తన రొట్టెకు గోధుమలు తనే పండించుకున్నాడు. ఈత ఆకులతో బుట్టలు, చాపలు అల్లి అమ్ముకుని బతకడం ఆ ఎడారి రాహిబ్‌లందరి రివాజ్.

రంజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ అయ్యాక ఇంట్లో ఈ కథ చెప్పాను. సెహ్రీ కోసం పప్పు ఏరుతున్న ఆపా తలెత్తకుండానే “బహన్‌కూ కోయీ పూఛే క్యా?” అంది. అబ్బా గుజర్ అయినప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆపా పదో తరగతి మధ్యలో మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. నా డిగ్రీ ఫీజు ఆ మిషన్ మీదే వచ్చింది. ఆమె సవాల్‌కి జవాబ్ ఇవ్వలేకపోయాను.

మన దగ్గర కూడా ఈ మాట ఇంట్లోంచే లేచింది కదా. హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి.) పగలు రోజా, రాత్రి నమాజ్ అంటూ ఇంటిని పట్టించుకోకపోతే, ఆయన బీవీ హాల్ చూసి హజ్రత్ ఆయిషా (రజి.) సంగతి హుజూర్ (స.అ.స.) దాకా చేర్చారు. రహ్బానియత్ మనకు లేదన్న మాట ఆయనతో అప్పుడే వచ్చింది.

ఆంటొనీ 356లో, నూరేళ్లు దాటాక పోయాడు. ఆయన జీవితం రాసినవాడు అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్. చెల్లెలు ముసలిదై, మిగతా అమ్మాయిలకు పెద్దదిక్కుగా ఉండటం చూసి ఆంటొనీ ఖుష్ అయ్యాడని రాశాడు. ఆమె పేరు మాత్రం రాయలేదు.

ఆంటొనీ ఒంటరి. ఒంటరి రాహిబ్‌లను జమాత్‌గా మార్చినవాడు అదే మిస్ర్‌కు చెందిన పకోమియస్. రోమ్ ఫౌజ్‌కి జబర్‌దస్తీగా పట్టుకెళ్లిన కుర్రాళ్లలో ఇతనొకడు. బంధించి ఉంచినచోట ముక్కూ మొహం తెలియని క్రైస్తవులు అన్నం తెచ్చిపెట్టారు. ఆ అన్నమే అతన్ని ఆ దీన్ వైపు తిప్పింది. 320ల్లో తబెన్నిసిలో మఠం పెట్టాడు. కలిసి తిండి, కలిసి దువా, ఎవరి పని వాళ్లకు, అందరికీ ఒకే కాయిదా. అక్కడికీ ఒక బహన్ వచ్చింది, పేరు మరియ. ఆయన బయటికొచ్చి మొహం చూపించలేదు. ఖబర్ మాత్రం పంపాడు: నీకూ ఈ జిందగీ కావాలంటే చెప్పు, ఇల్లు కట్టిస్తాను అని. ఆమె సరేనంది. స్త్రీల మఠం అలా మొదలైంది. ఇక్కడ కనీసం అడిగారు.

మూడో ఇల్లు ఈనాటి తుర్కీలో. కైసరియా (ఇప్పటి కైసెరి) బిషప్ బాసిల్, ఒంటరిగా ఉంటే ఎవరికి ఖిద్మత్ చేస్తావని వాదించి, మఠాల కోసం కాయిదాలు రాసినవాడు. ఊరి బయట గరీబులకూ బీమార్లకూ పెద్ద ఆశ్రయం కట్టించాడు. ఆయన ఏథెన్స్‌లో చదువు ముగించి గురూర్‌తో తిరిగొస్తే, దాన్ని దించింది అక్క మక్రీనా. నిశ్చయమైన వరుడు పెళ్లికి ముందే చనిపోతే, ఇంకో పెళ్లి ఒప్పుకోని మనిషి ఆమె. అమ్మని కూడా ఒప్పించి, దాసీలతో ఒకే దస్తర్‌ఖాన్ మీద సమానంగా తింటూ, సొంత ఇంటినే మఠంగా మార్చేసింది. ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. 379లో పోయినప్పుడు, కప్పడానికి ఇంట్లో మంచి బట్ట కూడా దొరకలేదు. ఆమె జీవితాన్ని ఇంకో తమ్ముడు గ్రెగొరీ పుస్తకంగా రాశాడు, పేరుతో సహా.

మక్రీనా సంగతి ఆపాకు ఇంకా చెప్పలేదు. ఈద్‌కి వెళ్లినప్పుడు చెప్తాను.