సంరక్షకుడి సంతకం

తెలుగులో గూర్ఖా అంటే ఒక జాతి పేరు కాదు, ఒక ఉద్యోగం పేరు. రాత్రిపూట కర్ర తాటిస్తూ, విజిల్ వేస్తూ వీధుల్లో తిరిగి, నెల మొదట్లో ఇంటింటికీ వచ్చి పదో ఇరవయ్యో అడిగే మనిషి. మన సినిమాలు అతనికి ఒక టోపీ, ఒక యాస తగిలించి నవ్వులాటకి వాడుకున్నాయి. నేపాల్ కొండల్లో గోర్ఖా అనే చిన్న రాజ్యం ఉండేదని, ఆ రాజ్యం పేరే సైనికుల పేరై, సైనికుల పేరే కాపలాదార్ల పేరై మన వీధి దాకా వచ్చిందని మనం పెద్దగా పట్టించుకోలేదు. ఇక ఆ గూర్ఖా భార్య ఎక్కడుందో, ఏం చేసి బతుకుతోందో అసలు అడగనే లేదు.

నేపాలీ వలసల గురించి కొన్నేళ్ళుగా చదువుతున్నాను. చదివినకొద్దీ నాకు కనిపించిన విషయం ఒకటే. మగవాడు సరిహద్దు దాటితే రాజ్యం దాన్ని శౌర్యంగానో సంపాదనగానో రాసుకుంది. స్త్రీ దాటితే దాన్ని పరువుకి సంబంధించిన వ్యవహారంగా చూసింది. ఆమె కదలాలంటే ఇంట్లో మగవాడి సంతకం కావాలంది. ఆ సంతకం ఆమెను కాపాడిందా, లేక ఇంకెవరి చేతుల్లోనో పెట్టిందా? చరిత్రని ఈ ప్రశ్నతో చదవాలని నా ప్రయత్నం.

నేపాలీలో వలస వెళ్ళిన మగవాడిని 'లాహురే' అంటారు. రంజిత్ సింగ్ సైన్యంలో చేరడానికి లాహోర్ వెళ్ళినవాళ్ళకు పుట్టిన పేరు అది. 1814-16 యుద్ధంలో నేపాల్‌ని ఓడించిన ఈస్టిండియా కంపెనీ, యుద్ధం ముగియకముందే, 1815లోనే, అదే కొండల మగవాళ్ళని తన సైన్యంలో చేర్చుకోవడం మొదలుపెట్టింది. మగర్, గురుంగ్, రాయ్, లింబు కులాలవాళ్ళు పుట్టుకతోనే యోధులని ఒక సిద్ధాంతం తయారుచేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో సుమారు రెండు లక్షల మంది, రెండోదాంట్లో సుమారు రెండున్నర లక్షల మంది గూర్ఖాలు పోరాడారు. 1947లో బ్రిటన్, ఇండియా, నేపాల్ కలిసి ఒప్పందం చేసుకుని, ఉన్న పది రెజిమెంట్లలో ఆరింటిని ఇండియాకి, నాలుగింటిని బ్రిటన్‌కి పంచుకున్నాయి.

ఈ లెక్కలన్నీ సైనిక చరిత్రల్లో దొరుకుతాయి. దొరకనిది, అన్ని లక్షల మంది మగవాళ్ళు వెళ్ళిపోయాక ఆ కొండచరియల మీద మొక్కజొన్న, కోదో ఎవరు పండించారన్న లెక్క. మేకల్ని ఎవరు కాశారు, వడ్డీవ్యాపారికి ఎవరు జవాబు చెప్పారు, ముసలివాళ్ళని ఎవరు సాకారు? లాహురే పంపిన జీతం వలస ఆదాయం కింద లెక్కకొచ్చింది. ఆ జీతం చాలకపోయినా ఇల్లు నిలబెట్టిన శ్రమ ఏ లెక్కలోకీ రాలేదు. సామ్రాజ్యానికి చవగ్గా సైనికుడు దొరికాడంటే, అతని కుటుంబ పోషణలో సగం భారం ఒక స్త్రీ జీతం లేకుండా మోసింది కాబట్టే.

చరిత్రకారులు వదిలేసినదాన్ని నేపాలీ నవల పట్టుకుంది. అస్సాంలో ఉండి లీల్ బహదూర్ ఛెత్రి రాసిన 'బసాయి' (1957) అప్పుల్లో కూరుకుపోయి కొండ వదిలి వెళ్ళే ఒక రైతు కుటుంబం కథ. అందులో ఆ రైతు చెల్లెలు ఝుమాని ఒక సైనికుడు చెరుస్తాడు. సిగ్గుతో ఊరు వదలాల్సినదీ ఆమే. డార్జిలింగ్‌లో పుట్టిన పారిజాత్ రాసిన 'శిరీష్‌కో ఫూల్' (1965) లో కథ చెప్పేది బర్మా యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికుడు. అక్కడ తాను స్త్రీల మీద చేసిన అత్యాచారాలు అతన్ని వెంటాడుతూ ఉంటాయి. మదన్ పురస్కారం అందుకున్న తొలి రచయిత్రి పారిజాత్. వీరుడి కథని తిరగేసి, అందులో ఉన్న స్త్రీల శరీరాలని చూపించిన నవలకి ఆ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు.

స్త్రీలు కదలలేదని కాదు. కదిలారు. 1835లో డార్జిలింగ్ సిక్కిం నుంచి బ్రిటిష్‌వాళ్ళ చేతికి వచ్చింది. 1850ల నుంచి అక్కడ టీ తోటలు పెరిగాయి. తూర్పు నేపాల్ నుంచి సర్దార్లు కూలీలను కుటుంబాలకు కుటుంబాలుగా దించారు. తోటల యజమానులకి కావల్సిందీ కుటుంబాలే. మగవాళ్ళకి తవ్వకం, నరకడం. ఆడవాళ్ళకి ఆకు కోత. పిల్లలకి పురుగులేరడం. నుదుటికి పట్టీ కట్టి వీపున బుట్ట వేలాడదీసుకుని ఏటవాలు కొండల మీద ఆకు కోసినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. వాళ్ళకిచ్చిన కూలీ మాత్రం మగవాళ్ళకన్నా తక్కువ. సమాన వేతన చట్టం 1976 దాకా రాలేదు. వాళ్ళ మీద మేస్త్రీలు ఎక్కువగా మగవాళ్ళే.

అయినా ఈ తోటల్లో ఒక తేడా ఉంది. మస్టర్ రోల్‌లో ఆమె పేరు ఆమెదిగానే ఉంది. ఆ పేరు ఉండబట్టే ఆమె అడగగలిగింది. పని పోతే ఇల్లు కూడా ఖాళీ చేయించి కూలీని తోట బయటికి గెంటేసే పద్ధతిని అక్కడ హట్టాబాహర్ అనేవాళ్ళు. 1955 జూన్‌లో మార్గరెట్స్ హోప్ తోటలో కూలీలు సమ్మె కట్టినప్పుడు హట్టాబాహర్ పోవాలన్నారు, ప్రసూతి సెలవు కావాలన్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళలో స్త్రీలున్నారు. తల్లి కావడం కూలీ హక్కులకి సంబంధించిన విషయమని ఆ కొండల స్త్రీలు ప్రాణాలిచ్చి చెప్పారు. మన కార్మికోద్యమ చరిత్ర పాఠాల్లో ఆ తోట పేరు నేనెక్కడా చదవలేదు.

తోట రిజిస్టరులో పేరున్న స్త్రీ సంగతి అది. మరి ఏ రిజిస్టరులోనూ లేని స్త్రీ? 1950 జులై 31న ఇండియా, నేపాల్ చేసుకున్న ఒప్పందంలో ఏడో అధికరణ ఒక దేశం వాళ్ళు రెండో దేశంలో ఉండటానికి, ఆస్తి కొనడానికి, వ్యాపారం చెయ్యడానికి వీలు కల్పించింది. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. పేదవాళ్ళకి ఇది నిజంగా పెద్ద ఊరట. 2001 నేపాల్ జనగణన ప్రకారం దేశం బయట ఉన్న ఏడున్నర లక్షల పైచిలుకు మందిలో నాలుగింట మూడు వంతుల మంది ఇండియాలోనే ఉన్నారు. వాళ్ళు మన నగరాల్లో హోటళ్ళలో గిన్నెలు కడిగారు, గేట్ల దగ్గర కూర్చున్నారు. భార్యాభర్తలిద్దరూ వచ్చిన చోట అపార్ట్‌మెంటు సంఘం జీతం భర్త చేతిలో పెడుతుంది. మెట్లు తుడిచేదీ, పిలిచిన ఫ్లాటుకల్లా పరిగెత్తేదీ భార్య. "వాచ్‌మన్ ఫ్యామిలీ కావలెను" అన్న ప్రకటనలో ఆ ఫ్యామిలీ అన్న మాటకి అర్థం, జీతం లేని రెండో మనిషి అని.

ఇదే సరిహద్దు గుండా బొంబాయి వేశ్యావాటికలకి అమ్మాయిల్ని అమ్మారు. 1996 ఫిబ్రవరిలో అక్కడ పోలీసు దాడుల్లో వందలమందిని బయటికి తెచ్చినప్పుడు, వాళ్ళలో నేపాలీ అమ్మాయిలు చాలామంది. వాళ్ళు తమ పౌరులేనని రుజువేమిటని నేపాల్ ప్రభుత్వం వెనకాడింది. పౌరసత్వ పత్రం తీసుకోవాలంటే తండ్రో భర్తో గుర్తుపట్టి చెప్పాల్సిన దేశంలో, ఇంట్లోవాళ్ళే అమ్మేసిన పిల్లకి ఎవరు గుర్తుపడతారు? చివరికి స్వచ్ఛంద సంస్థలు పూనుకుని వందమందికి పైగా అమ్మాయిల్ని వెనక్కి తెచ్చాయి. అలా వచ్చినవాళ్ళలో కొందరు కలిసి శక్తి సమూహ అనే సంస్థ పెట్టుకున్నారు. 2013లో దానికి మెగసెసే అవార్డు వచ్చింది. తమని దయతో చూడమని వాళ్ళు అడగలేదు. పౌరులుగా చూడమన్నారు.

ఒకసారి నేపాల్ నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళ మనవరాళ్ళకీ ఇదే ఎదురైంది. భూటాన్ దక్షిణ ప్రాంతంలో తరాలుగా సేద్యం చేసుకుంటున్న నేపాలీ భాషీయులని ల్హోత్సంపాలంటారు. 1985 పౌరసత్వ చట్టం తల్లిదండ్రులిద్దరూ భూటాన్ పౌరులైతేనే పిల్లలకి పౌరసత్వమంది. 1988 జనగణనలో 1958 నాటి పన్ను రసీదు చూపమన్నారు. 1990ల మొదట్లో లక్ష మంది దాకా నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాలకు చేరారు. అక్కడ రేషన్ కార్డు కుటుంబ పెద్ద అయిన మగవాడి పేరు మీద ఇచ్చారు. కొట్టే భర్తని వదిలేసిన స్త్రీకి విడి కార్డు లేదు, విడి గుడిసె లేదు. బియ్యం కావాలంటే అతని దగ్గరికే పోవాలి. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ దీనిమీద నివేదిక ఇచ్చింది. దేశం పోగొట్టుకున్న చోట కూడా భర్త మాత్రం కార్డు రూపంలో మిగిలాడు.

ఇక గల్ఫ్. 1985 నాటి నేపాల్ విదేశీ ఉపాధి చట్టం స్త్రీలనీ మైనర్లనీ ఒక గాట కట్టి, సంరక్షకుడి అనుమతి లేకుండా విదేశాల్లో పనికి పంపకూడదంది. 1998లో కువైట్‌లో ఒక నేపాలీ పనిమనిషి చనిపోయింది. దేశమంతా కదిలిపోయింది. ప్రభుత్వం చేసిన పని, స్త్రీలు గల్ఫ్‌కి వెళ్ళడాన్నే నిషేధించడం. ముప్పై అయిదేళ్ళ లోపు స్త్రీకి పాస్‌పోర్టు కావాలంటే తండ్రో భర్తో ఒప్పుకోవాలన్న నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2007 చట్టం విదేశీ ఉపాధిలో స్త్రీ పురుష వివక్ష కూడదంది. అయినా 2012లో ముప్పై ఏళ్ళ లోపు స్త్రీలు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళకూడదన్నారు. 2017లో ఏ వయసువాళ్ళూ వెళ్ళకూడదన్నారు. 2021 ఫిబ్రవరిలో నలభై ఏళ్ళ లోపు స్త్రీ మొదటిసారి ఒంటరిగా గల్ఫ్‌కో ఆఫ్రికాకో వెళ్ళాలంటే కుటుంబం అనుమతి, వార్డు సిఫార్సు కావాలన్న ప్రతిపాదన వచ్చింది. ఖాట్మండు వీధుల్లోకి స్త్రీలు వచ్చాక అది ఆగింది. ఎడారి ఎండలో కట్టడాల మీద నేపాలీ మగవాళ్ళు చనిపోయి పెట్టెల్లో తిరిగొస్తూనే ఉన్నారు. వాళ్ళ భార్యల సంతకం ఎవరూ అడగలేదు.

ఇది పరాయి దేశం కథ అనుకోవడానికి లేదు. మా అమ్మ పుట్టిన ఊరు కోనసీమలో. కోనసీమ, నరసాపురం, కడప ప్రాంతాల నుంచి ఎన్ని వేలమంది స్త్రీలు ఖద్దామాలుగా వెళ్ళారో మనకి తెలుసు. మన దేశమూ ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న ముప్పై ఏళ్ళ లోపు స్త్రీలు గల్ఫ్ ఇంటిపనికి వెళ్ళకుండా నిబంధన పెట్టింది. ఆ ఊళ్ళో నేను అక్కా అని పిలిచే ఒకావిడ 2009లో కువైట్ వెళ్ళి ఆరేళ్ళుండి వచ్చింది. 2013లో ఆ ఇంటికే పనికొచ్చిన నేపాలీ అమ్మాయి గురించి చెప్పింది.

"ఆ పిల్లకి తెలుగు రాదు, నాకు దాని బాస రాదు. అరబ్బీలోనే మాట్లాడుకునేవోళ్ళం చెల్లెమ్మా. రెండు నెలలు ఢిల్లీలో ఒక గదిలో పెట్టేశారంట. ఆళ్ళ దేశం నుంచి ఎల్లనివ్వరంట. ఇరవై మూడేళ్ళ పిల్లకి ముప్పై రెండని ఏశారు. నాకూ ఏశారు కదా, నాలుగేళ్ళు ఎక్కువ."

జీతం మూడు నెలలు ఆపేస్తే ఎంబసీకి ఎందుకు వెళ్ళలేదని అడిగాను.

"ఎల్లి ఏం చెప్పమంటావ్? పాస్‌పోర్టు ఎలా వచ్చిందని అడిగితే? ఆ కాయితంలో ఉన్న మనిషిని నేను కాదు కదా!"

నిషేధం చేసే పని అక్క ఆ ఒక్క మాటలో చెప్పేసింది. వెళ్ళే అవసరాన్ని అది ఆపదు. అప్పు, ఎండిన పొలం, తాగుబోతు భర్త, ఆడపిల్ల చదువు, ఇవన్నీ అలాగే ఉంటాయి. అది ఆపేది రాచమార్గాన్ని మాత్రమే. తెరిచి ఉన్న సరిహద్దు దాటి ఢిల్లీకో బొంబాయికో వచ్చి ఏజెంటు చేతిలో పడిన నేపాలీ స్త్రీ, వయసు మార్పించుకున్న కోనసీమ స్త్రీ, ఇద్దరూ తమ దేశాల దృష్టిలో తప్పు చేసినవాళ్ళుగానే ఆ వంటింట్లో అడుగుపెడతారు. కఫీల్ పాస్‌పోర్టు లాక్కున్నాడని ఫిర్యాదు చెయ్యడానికి నోరు పెగలదు. దొంగతనంగా వెళ్ళాల్సి వచ్చినకొద్దీ ఏజెంటు రేటు పెరుగుతుంది, అప్పు పెరుగుతుంది, తిరిగొచ్చే రోజు దూరమవుతుంది.

2015లో కువైట్ ఇంటిపనివాళ్ళ కోసం చట్టం తెచ్చింది. రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏడాదికోసారి జీతంతో సెలవు. చాలదు, కానీ చట్టమంటూ ఒకటుంది. దాన్ని వాడుకోవాలంటే ఆమె సొంత పేరుతో, సొంత వయసుతో, చదివి అర్థం చేసుకోగల భాషలో రాసిన ఒప్పందంతో వెళ్ళి ఉండాలి. మన ప్రభుత్వాలు ఆ కాగితం ఇవ్వడం మీద పెట్టాల్సిన శ్రద్ధంతా ఆమెను ఆపడం మీద పెట్టాయి. మార్గరెట్స్ హోప్‌లో ఆకు కోసే స్త్రీలు ప్రసూతి సెలవు అడగగలిగింది రిజిస్టరులో వాళ్ళ పేరుండబట్టే. శిబిరంలో స్త్రీ తన్నులు తింటూ ఉండిపోయింది కార్డు మీద ఆమె పేరు లేకపోబట్టే.

2021 జనగణనలో దేశం బయట ఉన్న నేపాలీలు దాదాపు 22 లక్షలు. అందులో స్త్రీలు దాదాపు నాలుగు లక్షల మంది. దొడ్డిదారిన వెళ్ళినవాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళు గణకుడికి నిజం చెప్పి ఉంటారని నేననుకోను. వలసల మీద పనిచేసే మన పరిశోధకులు ముందు ఈ మౌనాన్నే లెక్కలోకి తీసుకోవాలి. బయటికెళ్ళిన స్త్రీ ఎంత పంపింది అని మాత్రమే కాదు, ఏ కాగితం మీద వెళ్ళింది, ఆ కాగితం మీద ఎవరి సంతకం ఉంది, ఆమె డబ్బుతో కొన్నది ఎవరి పేర ఉంది అని కూడా అడగాలి. కోనసీమలో అక్క ఆరేళ్ళ జీతంతో స్లాబు ఇల్లు లేచింది. దాని పట్టా ఆమె భర్త పేరున ఉంది.