కొత్త రైఫిల్, పాత అనుమానం: 1857 ఎన్‌ఫీల్డ్ తుపాకి సంరక్షణ - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

1857 తిరుగుబాటును వివరించే తెలుగు రచనలలో ‘కొవ్వు పూసిన తూటా’ ప్రస్తావన తప్పక కనిపిస్తుంది. ఆవుకొవ్వు, పందికొవ్వు పూశారన్న వార్త సిపాయిలలో కల్లోలం రేపిందని చెప్పడంతో ఆ ప్రస్తావన సాధారణంగా ముగుస్తుంది. తూటాకు అసలు కొవ్వు ఎందుకు పూయవలసి వచ్చిందన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్నను వదిలివేస్తే సిపాయి వదంతికి బెదిరిన అమాయకుడిగానే మిగిలిపోతాడు. కొత్త ఆయుధాన్ని చేతికి అలవాటు చేసుకొని, దానిని పనికివచ్చే స్థితిలో నిలుపుకొనే పద్ధతుల నుంచి చూసినప్పుడు అతని ఆక్షేపణకు వేరొక అర్థం ఏర్పడుతుంది. ఆ అర్థాన్ని నిర్ధారించడం ఈ వ్యాస లక్ష్యం.

గొట్టం, గాడులు, మసి

అంతకుముందు సిపాయిల చేతిలో ఉన్నది లోపల నున్నగా ఉండే గొట్టం గల మస్కెట్. దాని గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.75 అంగుళం, గుండు వ్యాసం సుమారు 0.69 అంగుళం. రెంటి మధ్య ఖాళీ ఎక్కువ కనుక, కొంత మసి పేరుకున్నా గుండు సులువుగా లోపలికి దిగేది. అయితే ఆ ఖాళీ వల్లనే గురి నిలిచేది కాదు.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ లోపాన్ని సరిదిద్దింది. 39 అంగుళాల గొట్టంలో మెలితిరిగిన మూడు గాడులు ఉంటాయి. గొట్టం వ్యాసం 0.577 అంగుళం, దానికి మొదట వాడిన గుండు వ్యాసం 0.568 అంగుళం. పేల్చినప్పుడు సీసపు గుండు ఉబ్బి గాడులను పట్టుకొని, గిరగిర తిరుగుతూ వెలువడుతుంది. గురి, దూరం రెండూ పెరగడానికి కారణం ఇదే. కాని ఖాళీ అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులకు తగ్గిపోవడంతో కొత్త చిక్కు వచ్చింది.

సురేకారం, బొగ్గు, గంధకం కలిపి చేసిన నల్లమందు పూర్తిగా వాయువుగా మారదు. కాలగా మిగిలిన పదార్థంలో సగానికి పైగా ఘనరూపంలో ఉంటుంది. అందులో కొంత పొగతో పోయినా, కొంత గొట్టంలో గట్టి మసిగా అంటుకుంటుంది. నాలుగైదుసార్లు పేల్చేసరికి మందు దట్టించడం, గుండును దింపడం కష్టమవుతాయి. ఆ మసి గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును తుప్పు పట్టిస్తుంది. కాబట్టి కాల్పులు ముగిశాక గొట్టాన్ని నీటితో కడగాలి, పొడిగుడ్డతో తుడవాలి, నూనె పట్టించాలి. కాల్పుల నడుమ ఇంత పనికి వ్యవధి ఉండదు. ఆ లోటును తీర్చేది తూటా కాగితానికి గుండు వైపున పూసిన కొవ్వు. అది గుండు జారడానికి తోడ్పడుతుంది, మసిని మెత్తబరుస్తుంది. అంటే ఎన్‌ఫీల్డ్ తూటా మీది కొవ్వు ఆయుధ సంరక్షణలో అంతర్భాగం.

పదార్థం ఏది?

కొవ్వు అవసరం నిజమే. ఆ కొవ్వు దేనిదన్న ప్రశ్నకు మాత్రం కంపెనీ వద్ద సమాధానం లేదు. 1853లో పరీక్ష కోసం ఈ తూటాలు భారతదేశానికి వచ్చినప్పుడే, బెంగాల్ సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కల్నల్ టకర్ ఆ పూత సిపాయిల మతాచారానికి అభ్యంతరకరం కాదని తేలేవరకు వారికి ఇవ్వరాదని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఫలించలేదు. తరువాత కలకత్తాలో తయారీ మొదలైనప్పుడు కొవ్వు ఏ జంతువుదో నిర్ధారించే జాగ్రత్త తీసుకోలేదు.

1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఒక ఖలాసీ బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్లు అడిగిన ఉదంతం ప్రసిద్ధం. సిపాయి నిరాకరించగా, కొవ్వు తూటాను కొరికాక నీ కులమెక్కడ నిలుస్తుందని ఆ ఖలాసీ ఎదురు ప్రశ్నించాడంటారు. ఈ కథనంలో గమనించదగిన అంశం ఒకటుంది: వార్త ఆయుధాగారంలో పనిచేసే మనిషి నోట వచ్చింది. తూటా ఎలా తయారవుతుందో ఎరిగినవారికి దగ్గరగా మసలే మనిషి మాటను సిపాయిలు ఊరి గాలిమాటగా తోసిపుచ్చలేదు.

ప్రత్యామ్నాయాలు, అపనమ్మకం

జనవరి చివరిలోనే ప్రభుత్వం కొవ్వు లేని తూటాలు ఇచ్చి, సిపాయిలు తమకు నచ్చిన పూతను తామే పూసుకోవచ్చునని అనుమతించింది. మార్చిలో తూటాను పళ్లతో కొరికే బదులు చేతితో చించే పద్ధతి వచ్చింది. రైఫిల్‌కు జారుడు పూత కావాలి గాని అది ఫలానా కొవ్వే కానవసరం లేదని ఈ మార్పులే ఒప్పుకొంటున్నాయి.

అప్పటికి అనుమానం పూత నుంచి కాగితానికి పాకింది. ఫిబ్రవరి 26న బహరంపూర్‌లో 19వ పటాలం తిరస్కరించిన తూటాలు పాత మస్కెట్లవి. ఏప్రిల్ 24న మీరట్‌లో 3వ అశ్వదళానికి చెందిన 90 మందిలో 85 మంది నిరాకరించినవీ పాత రకం తూటాలే. కొవ్వు ఒక్కటే కారణమైతే ఈ తిరస్కారాలకు వివరణ దొరకదు. ఇచ్చిన వస్తువు మీద కన్నా ఇచ్చిన చేతి మీద నమ్మకం పోయింది. 1856లో అవధ్ విలీనం, సముద్రం దాటి సేవ చేయాలన్న కొత్త నియామక నిబంధన ఆ నమ్మకాన్ని అప్పటికే సడలించాయి.

ఇది కంపెనీకి కొత్త పాఠం కాదు. తెలుగువారు కూడా కొలువు చేసిన మద్రాసు సైన్యంలో, 1806లో తోలు తురాయి గల కొత్త తలపాగా, నుదుటి బొట్టుపై నిషేధం వెల్లూరు తిరుగుబాటుకు దారితీశాయి. అక్కడ తలపాగా, ఇక్కడ తూటా. రెండు చోట్లా సైనికుని దేహాన్ని తాకే వస్తువును అతనిని అడగకుండానే నిర్ణయించారు.

ముగింపు

ఆయుధాన్ని సంరక్షించే బాధ్యత సిపాయిది. దానికి వాడే పదార్థం ఏమిటో తెలుసుకొనే హక్కు మాత్రం అతనికి దక్కలేదు. ‘ఇది దేనితో చేశారు?’ అన్న అతని ప్రశ్నలో మతవిశ్వాసంతోపాటు, నిత్యం ఆయుధాన్ని కడిగి, తుడిచి, నూనె రాసే పనివాని వివేకం కూడా ఉంది. తెలుగు చరిత్ర రచన ‘కొవ్వు పూసిన తూటా’ అన్న పదబంధాన్ని వాడినప్పుడు గొట్టంలోని మసిని కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆ సిపాయి వదంతికి లొంగినవాడుగా గాక, న్యాయమైన ప్రశ్నకు జవాబు దొరకనివాడుగా కనిపిస్తాడు.