పానగల్ పార్కు నుంచి ఫోను దాకా



పోయిన సమావేశంలో కాఫీ తాగుతూ ఉండగా మనలో ఒకాయన అడిగారు. "మా వాడు డిగ్రీ ముగించి, ఫోనులో వీడియోలు చేసుకుంటా, అదే నా పని అంటున్నాడు. ఇదొక ఉద్యోగమేనా?" అని. అందరం నవ్వాం, ఎవరం జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చాక ఆ నవ్వు మాకే బాగాలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మద్రాసు తెలుగువాళ్ళకు "అవకాశం" అన్న మాట ఎంత బరువైనదో కొత్తగా చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఆ మాట కోసమే సెంట్రల్ స్టేషన్‌లో రైలు దిగేవారు. పాడగలిగినవాడు, రాయగలిగినవాడు, నాటకం ఆడగలిగినవాడు, అందరూ ఇక్కడికే. ఘంటసాల గారు మొదటి రోజుల్లో పానగల్ పార్కులో రాత్రులు గడిపారని మన పెద్దలు చెప్పుకునేవారు. ఆ పార్కు పేరు కూడా ఒక తెలుగాయనదే. 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్ రాజా పానుగంటి రామరాయణింగారి పేరు అది. అంత పెద్ద గొంతు కూడా ఎవరో ఒకరు తలుపు తీసేదాకా బయటే ఉండాల్సి వచ్చింది. సముద్రాల రాఘవాచార్య గారి లాంటివారు చేయి అందించాకే లోపలికి దారి దొరికింది.

ఆ తలుపులు ఎందుకు ఉండేవో కూడా న్యాయంగా చెప్పుకోవాలి. కాపలా ఉన్నవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఫిల్ము రీలు ఖరీదు. స్టూడియో ఫ్లోరుకు రోజు అద్దె. అచ్చుకు సీసపు అక్షరాలు, కాగితం, కంపోజిటరు జీతం. రేడియోకు ప్రసార సమయం గంటల లెక్క. అన్నీ తక్కువే, అడిగేవాళ్ళు ఎక్కువ. కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని "నువ్వు రా, నువ్వు వద్దు" అని చెప్పక తప్పేది కాదు. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. విజయవాడకు కేంద్రం వచ్చింది 1948 చివర్లో. ఆ మధ్య పదేళ్ళూ కోస్తా జిల్లాలవాళ్ళు రేడియోలో తెలుగు వినిపించాలంటే మన ఊరే రావాలి.

ఆ కాపలాదారులు మనకు చేసిన మేలు కూడా ఉంది. 1947 జూలైలో ఇక్కడినుంచే చందమామ వచ్చింది, తెలుగులోనూ తమిళంలోనూ. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాని సంపాదక బాధ్యత చూశారు. వచ్చిన కథను దిద్ది, పిల్లవాడికి అర్థమయ్యే వాక్యంగా మార్చే చేయి అది. రేడియో అన్నయ్య, అక్కయ్య పిల్లలచేత మైకు ముందు మాట్లాడించారు. గేటు దగ్గర కూర్చున్నవాడే చాలాసార్లు గురువు కూడా. ఈ సంగతి మళ్ళీ చివర్లో అవసరం పడుతుంది.

గేటు తెరవమని ఎవరినీ అడగకుండా సొంత గేటు కట్టుకున్నవాళ్ళూ మనలో ఉన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో దాన్ని మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక. తలనొప్పి మందు అమ్మి సాహిత్యం అచ్చువేశారు! పగలు ఒక పని చేసి, ఆ సంపాదనతో రాత్రి తనకు ఇష్టమైన పని చేసుకునే ఈనాటి కుర్రవాళ్ళను చూస్తే మాకు పంతులు గారే గుర్తొస్తారు.

తర్వాత కథ మీకు తెలుసు. సినిమా మెల్లమెల్లగా హైదరాబాదు వెళ్ళిపోయింది. మద్రాసులో మిగిలిన మన పిల్లలకు ఆ గేటు ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరమైపోయింది. పైగా అక్కడికి వెళ్తే "మీ తెలుగులో తమిళ యాస ఉంది" అంటారు. ఇక్కడ ఉంటే ఇంటి పేరు వినగానే "నీవు తెలుంగా?" అని అడుగుతారు.

ఇప్పుడు ఫోను సంగతికి వద్దాం.

యూట్యూబ్ 2005లో పుట్టింది. వీడియో పెట్టినవాళ్ళకు ప్రకటనల డబ్బులో వాటా ఇచ్చే పద్ధతిని 2007లో తెచ్చింది. మామూలు వీడియో పక్కన వచ్చే ప్రకటనల ఆదాయంలో వంద రూపాయలకు 55 రూపాయలు చేసినవారికి, మిగతాది కంపెనీకి. మన దేశంలో అసలు మార్పు 2016 సెప్టెంబరులో జియో వచ్చాక. అంతకుముందు వీడియో చూడాలంటే డేటా ఎంత మిగిలిందో లెక్క చూసుకునేవాళ్ళం. ఆ తర్వాత పొలం గట్టు మీద కూర్చున్న మనిషి కూడా చూశాడు.

దాని ఫలితం జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కనిపించింది. శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మై విలేజ్ షో మొదలుపెట్టారు. ఊరి మనుషులే నటులు, ఊరే సెట్టు, ఊరి యాసే భాష. అందులోనే గంగవ్వ వచ్చింది. కూలి పనులు చేసి బతికిన ఆ ముసలమ్మ 2019లో మల్లేశం సినిమాలో కనిపించింది, 2020లో బిగ్ బాస్ దాకా వెళ్ళింది. ఏ స్టూడియో ఆడిషన్‌లోనైనా ఆమెను రెండో నిమిషంలో పంపేసేవారు. అలాగే నూరేళ్ళు దాటిందని చెప్పిన మస్తానమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండుతుంటే ప్రపంచమంతా చూసింది. ఆమె 2018 డిసెంబరులో కన్నుమూస్తే దేశదేశాల పత్రికలు రాశాయి. మన తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో ఒక తాతా మనవళ్ళూ 2018లో విలేజ్ కుకింగ్ ఛానల్ మొదలుపెట్టి, 2021కల్లా కోటిమంది చందాదారులను తెచ్చుకున్నారు.

సినిమాకు కూడా ఇదొక పక్క దారి అయింది. ఉయ్యాల జంపాల (2013) హీరో రాజ్ తరుణ్ షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చినవాడు. తరుణ్ భాస్కర్ కూడా అంతే. ఆయన పెళ్ళిచూపులు (2016) తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. వీళ్ళు పానగల్ పార్కులో పడుకోలేదు. ముందు పని చేసి చూపించారు, తర్వాత తలుపు తట్టారు.

ఇంతవరకు చదివి, గేటు లేదు కదా, మా వాడూ రాజైపోతాడు అనుకోకండి. గేటు పోలేదు, మొహం లేని గేటు వచ్చింది.

2018 నుంచి ఉన్న నియమం ప్రకారం మామూలు వీడియోలతో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది చందాదారులు, పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. డబ్బు మొదలయ్యాక కూడా ఖాతాలో 100 డాలర్లు చేరేదాకా చేతికి రాదు. ఏ వీడియోను ఎవరికి చూపించాలో మిషను నిర్ణయిస్తుంది. అది ఎందుకు వద్దన్నదో చెప్పదు. పాత సంపాదకుడి దగ్గరికి వెళ్ళి "ఏం తప్పు అయ్యా?" అని అడగవచ్చు. దీన్ని అడగలేం. ఇంకొక భయం కూడా ఉంది. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అక్కడ లక్షలమంది అభిమానులను కూడబెట్టుకున్న పిల్లలు తెల్లారేసరికి ఖాళీ చేతులతో మిగిలారు. ఇంకొకరి స్థలంలో ఇల్లు కట్టుకోవడం అంటే ఇదే.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి. కమిటీలో ఉన్న మేమందరం కలిసి చేసిన తప్పు.

కొన్నేళ్ళ కింద ఉగాది కార్యక్రమానికి కాలేజీ చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఉత్తర మద్రాసులో నాలుగు తరాలుగా ఉన్న కుటుంబం. వాళ్ళ అవ్వ చెప్పిన కథ స్టేజీ మీద చెప్తానంది. అయిదు నిమిషాలు విన్నాం. నడుమ నడుమ తమిళ మాటలు, ఇంటి యాస. "భాష ఇంకా బాగుపడాలమ్మా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాం. ఆ అమ్మాయి ఒక్క మాట అంది. "సార్, మా అవ్వ సెప్పినట్టే సెప్తే కదా అది మా అవ్వ కత అయ్యేది."

వచ్చే ఏడాది ఆ అమ్మాయి రాలేదు. ఫోను ముందు కూర్చుని ఆ కథలే చెప్పుకుంది. ఒకరోజు కోయంబత్తూరులో ఉన్న బంధువు ఒకరు "ఇది అచ్చం మన ఇంటి మాటే, వినండి" అని మన గ్రూపులోకే ఒక వీడియో పంపారు. చూస్తే ఆ అమ్మాయే. కింద హోసూరు నుంచి ఒకరు, మధురై నుంచి ఒకరు, "మా అమ్మమ్మ కూడా ఇలాగే మాట్లాడేది" అని రాశారు. మేము తప్పు అన్న భాషలోనే వాళ్ళు తమ ఇల్లు విన్నారు.

ఆమెను తర్వాత కలిసి మాట్లాడాం. లక్షలేమీ రావడం లేదు. మొదటి 100 డాలర్లు చేరడానికి ఏడాది దాటిందట. పగలు ఉద్యోగం, రాత్రి ఎడిటింగు. ఆమెకు తెలుగు చదవడం రాదు. మన పిల్లల్లో చాలామంది పరిస్థితి ఇదే. 2006లో వచ్చిన చట్టం ప్రకారం బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు అక్షరం ఇంటి పని అయింది, ఇంట్లో మనం నేర్పలేదు. అచ్చు గేటుకు అక్షరం కావాలి. రేడియో గేటుకు శుద్ధమైన ఉచ్చారణ కావాలి. ఈ ఫోనుకు నోరు ఉంటే చాలు. అక్షరం పోగొట్టుకున్న మన తరానికి చెవి ద్వారా మిగిలిన తెలుగు అక్కడే బతుకుతోంది. దాన్ని కూడా మనం గేటు దగ్గర ఆపితే ఇక మిగిలేది ఏమిటి?

అందుకని మేము అనుకున్నది చెప్తున్నాం. సంఘం హాలు పక్క గది ఆదివారాలు ఖాళీగానే ఉంటుంది. పిల్లలు అక్కడ రికార్డు చేసుకోనివ్వండి. అద్దె వద్దు, ఆడిషన్ వద్దు. మనలో బ్యాంకులో, ఆడిటరు ఆఫీసులో పనిచేసినవాళ్ళు ఉన్నారు. ఈ డబ్బుకు పన్ను లెక్క ఎలాగో, కంపెనీలు ఇచ్చే ఒప్పందం కాగితంలో ఏముందో చూసిపెట్టండి. తెలుగు చదివినవాళ్ళు అడిగినప్పుడు మాట దిద్దండి, యాస దిద్దకండి. మిషను చేయలేని పని అదొక్కటే: పక్కన కూర్చుని "ఇది ఇలా చెప్తే ఇంకా బాగుంటుంది నాయనా" అనడం. గేటు పోయినప్పుడు దానితోపాటు పోయిన గురువును మాత్రం మనం తిరిగి ఇవ్వగలం.

ఆ రోజు అడిగిన పెద్దాయనకు మా జవాబు ఇది. ఉద్యోగమా అంటే ఇంకా కాదు. పని మాత్రం నిజమైన పనే. చేతిలో ఒక జీతం ఉంచుకుని రెండు మూడేళ్ళు చేసి చూడమనండి. పంతులు గారికి కూడా ముందు అమృతాంజనమే, తర్వాతే పత్రిక.

ఆ అమ్మాయి ఈ ఉగాదికి వస్తానంది. మా తరఫున అడిగాం, క్షమాపణ కూడా చెప్పాం. ఏ కథ చెప్తావమ్మా అంటే "అప్పుడు మీరు అయిదు నిమిషాలకే ఆపేసిన కతే సార్, ముగింపు ఇంకా ఉండాది" అంది. అందరూ రండి, ముగింపు విందాం.