స్థానిక శోధన ఫలితాలలో చేనేత ఆన్‌లైన్ దుకాణాలు – పాటించవలసిన పద్ధతులు

చీర కొనదలచినవారు ముందుగా సెల్‌ఫోన్‌లో వెతికి, ధర, దారి తెలుసుకొని, ఆ తరువాతనే దుకాణానికి బయలుదేరడం నేడు పరిపాటి అయినది. పోచంపల్లి చీరలు అనో, దగ్గరలో చేనేత దుకాణం అనో గూగుల్‌లో వెతికినప్పుడు, పటంతో పాటు కొన్ని దుకాణాల పేర్లు, ఫోన్ నంబర్లు, పనివేళలు పై వరుసలో కనిపిస్తాయి. వీటినే స్థానిక శోధన ఫలితాలు అంటారు. ఆ వరుసలో నేత కార్మికుల సహకార సంఘం లేకపోయి, అచ్చు వేసిన అనుకరణ వస్త్రాన్ని అదే పేరుతో అమ్మే దుకాణం ఉన్నట్లయితే, కొనుగోలుదారు అక్కడికే వెళతారు. చిటికి కట్టి, రంగులద్ది, రోజుల తరబడి మగ్గం మీద నేసినవారికి రావలసిన బేరం వేరొకరి పాలవుతుంది. సొంత వెబ్‌సైట్ ఉన్న సంఘాలు, చిన్న విక్రేతలు సైతం ఈ ఫలితాలలో కనిపించకపోవడానికి గల కారణాలు, వాటిని సరిదిద్దుకొనే పద్ధతులు ఈ వ్యాసంలో వివరించడమైనది.

వరుస ఎలా నిర్ణయమవుతుంది

స్థానిక ఫలితాల క్రమాన్ని ముఖ్యంగా మూడు అంశాలు నిర్ణయిస్తాయని గూగుల్ సంస్థ స్వయంగా ప్రకటించియున్నది. మొదటిది, వెతికిన మాటకు, దుకాణం వివరాలకు గల పొంతన. రెండవది, వెతికే వ్యక్తి ఉన్న చోటికి, దుకాణానికి గల దూరం. మూడవది, దుకాణానికి గల ప్రాచుర్యం. ఇతర వెబ్‌సైట్లలో దుకాణం ప్రస్తావన, వినియోగదారుల సమీక్షలు ఈ మూడవ అంశం క్రిందికి వస్తాయి.

ఇందులో దూరం విక్రేత చేతిలో లేనిది. భూదాన్ పోచంపల్లిలోని సంఘం, హైదరాబాద్‌లోని కూకట్‌పల్లిలో ఉండి దగ్గరలో చీరల దుకాణం అని వెతికే వారికి ముందు వరుసలో కనిపించాలని ఆశించడం సరికాదు. అయితే పోచంపల్లి ఇక్కత్ అని ఊరి పేరు, నేత పేరు చేర్చి వెతికేవారి విషయంలో పొంతన, ప్రాచుర్యం ఎక్కువగా పనిచేస్తాయి. చిన్న విక్రేతలు తమ శ్రమను ఇక్కడ వినియోగించుకొనవలెను. సంఘానికి నగరంలో నిజమైన విక్రయశాల ఉన్నట్లయితే, దానికి ప్రత్యేకంగా నమోదు చేసుకొనవచ్చును.

వెబ్‌సైట్ ఒక్కటే చాలదు

పటంతో కూడిన ఫలితాలలో కనిపించడానికి వెబ్‌సైట్‌తో పాటు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అవసరం. 2014లో గూగుల్ మై బిజినెస్ అనే పేరుతో ప్రారంభమైన ఈ సదుపాయానికి 2021లో ప్రస్తుత పేరు పెట్టడం జరిగినది. నమోదుకు ఎటువంటి రుసుము లేదు. అయితే కేవలం ఆన్‌లైన్‌లోనే విక్రయించే దుకాణాలకు ఈ ప్రొఫైల్‌కు అర్హత లేదు. ప్రకటించిన వేళల్లో వినియోగదారులను ముఖాముఖిగా కలిసే వ్యాపారాలకే ఆ అవకాశం కలదు.

ఈ నిబంధన చేనేత సంఘాలకు అనుకూలమైనది. గిడ్డంగి మాత్రమే గల పెద్ద ఆన్‌లైన్ వ్యాపారికి లేనిది, ఊరిలో విక్రయశాల గల చిన్న సంఘానికి ఉన్నది. ఇంటి వద్దనే నేస్తూ, దుకాణం లేకుండా, స్వయంగా వినియోగదారుల ఇళ్లకు వెళ్లి అందజేసేవారు తమ చిరునామాను బయటకు కనిపించకుండా ఉంచి, సేవలందించే ప్రాంతాలను మాత్రమే చూపవచ్చును. కొరియర్ ద్వారా పంపడం ఒక్కటే దీనికి సరిపోదు. బేరం పెరుగుతుందని నగరంలో లేని దుకాణానికి చిరునామా చూపినట్లయితే ప్రొఫైల్ నిలిపివేతకు గురయ్యే ప్రమాదం ఉన్నది.

పేరు, చిరునామా, ఫోన్ నంబరు

దుకాణం పేరు, చిరునామా, ఫోన్ నంబరు అన్ని చోట్లా ఒకే విధంగా ఉండడం అత్యంత ముఖ్యం. తెలుగు రాష్ట్రాలలో ఈ విషయంలో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినది. ఫలితంగా భూదాన్ పోచంపల్లి నల్గొండ జిల్లా నుండి యాదాద్రి భువనగిరి జిల్లాకు, గద్వాల మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల జిల్లాకు, ఉప్పాడ తూర్పు గోదావరి జిల్లా నుండి కాకినాడ జిల్లాకు మారినవి. అయినప్పటికీ పాత రశీదులు, వ్యాపార సూచీలు, వెబ్‌సైట్లలో పాత జిల్లా పేరే ఉండిపోయిన సందర్భాలు ఉంటాయి. ఊరి పేరును ఇంగ్లీషులో ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా వ్రాయడం మరొక లోపం.

కావున ముందుగా ఒక కాగితంపై పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, ప్రస్తుత జిల్లా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు వ్రాసుకొని, ప్రొఫైల్, వెబ్‌సైట్, ఫేస్‌బుక్, వ్యాపార సూచీలలోని వివరాలను దానితో సరిపోల్చి దిద్దుకొనవలెను. బింగ్, ఆపిల్ పటాలలో కూడా ఉచితంగా నమోదు చేసుకొనవచ్చును. పటంలో గుర్తు సరిగ్గా దుకాణం గుమ్మం వద్దనే పడినదో లేదో చూసుకొనవలెను. ప్రొఫైల్‌లో దుకాణం పేరు బోర్డుపై ఉన్నట్లే ఉండవలెను. దాని ప్రక్కన అసలైన చేనేత పట్టు చీరలు చౌక ధర వంటి మాటలు చేర్చడం నిబంధనలకు విరుద్ధం.

నింపవలసిన వివరాలు

ప్రొఫైల్‌లో ముఖ్య వర్గం ఒక్కటే ఉంటుంది. పొంతనను నిర్ణయించడంలో దీని పాత్ర పెద్దది. చీరలే ప్రధానంగా అమ్మేవారు వస్త్ర దుకాణం అనే సాధారణ వర్గం కాక చీరల దుకాణం అనే వర్గాన్ని ఎంచుకొనడం మేలు. దుప్పట్లు, డ్రెస్ మెటీరియల్ వంటి ఇతర సరుకులకు అదనపు వర్గాలను చేర్చుకొనవచ్చును. పనివేళలతో పాటు దసరా, సంక్రాంతి, వారాంతపు సెలవులను ముందుగానే నమోదు చేయవలెను. దూరం నుండి వచ్చి మూసిన తలుపు చూసి వెనుదిరిగిన వినియోగదారు మరల రాకపోవచ్చును. దుకాణం ముఖభాగం, లోపలి భాగం, మగ్గం, చీరల కొంగు, అంచు స్పష్టంగా కనిపించే సొంత ఫొటోలనే ఉంచవలెను.

వెబ్‌సైట్ విషయంలో చిరునామా బొమ్మగా కాక అక్షరాల రూపంలో ఉండవలెను. ఒక్కొక్క నేతకు ఒక్కొక్క పేజీ కేటాయించి, పొడవు, నూలు లేదా పట్టు, రంగులు, ధర, ఎక్కడ నేసినదీ తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాసినట్లయితే రెండు భాషలలో వెతికేవారికీ ఉపయోగం. గూగుల్ వెబ్‌సైట్లను మొబైల్ రూపాన్నిబట్టి పరిశీలిస్తున్నందున, పేజీ సెల్‌ఫోన్‌లో త్వరగా తెరుచుకొనవలెను. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు సంస్థ చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు వెబ్‌సైట్‌లో ప్రదర్శించవలెనని నిర్దేశించినవి. ఈ వివరాలు చట్టపరమైన బాధ్యతను నెరవేర్చడమే కాక కొనుగోలుదారుకు భరోసా ఇస్తాయి.

పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించినది. కేంద్ర ప్రభుత్వం 2006లో చేనేత గుర్తును ప్రవేశపెట్టినది. వీటిని వినియోగించే హక్కు పొందినవారు ఆ విషయాన్ని ప్రొఫైల్ వివరణలోను, వెబ్‌సైట్‌లోను తప్పక పేర్కొనవలెను. హక్కు పొందనివారు ఆ గుర్తులను వాడరాదు.

సమీక్షలు

కొనుగోలు చేసిన ప్రతివారినీ సమీక్ష వ్రాయవలసిందిగా మర్యాదగా కోరవచ్చును. అయితే తగ్గింపు ధర, కానుక ఇచ్చి వ్రాయించడం, బంధుమిత్రులచే వ్రాయించడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఆన్‌లైన్ సమీక్షల విశ్వసనీయత కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 ప్రమాణాన్ని విడుదల చేసినది. చీర రంగు వదిలినదని ఎవరైనా వ్రాసినట్లయితే, కోపగించక, ఉతుకవలసిన విధానాన్ని తెలిపి, లోపం తమదైతే మార్చి ఇస్తామని బదులివ్వడం ఉత్తమం. ఆ జవాబును ఫిర్యాదుదారుతో పాటు రాబోయే కొనుగోలుదారులందరూ చదువుతారు.

అప్రమత్తత అవసరం

గూగుల్ నుండి మాట్లాడుతున్నామని చెప్పి, సొమ్ము చెల్లిస్తే మొదటి స్థానంలో నిలుపుతామని ఫోన్ చేసేవారిని నమ్మరాదు. స్థానిక ఫలితాలలో మెరుగైన స్థానాన్ని డబ్బుతో కొనడానికి వీలులేదు. ప్రకటన అని గుర్తు ఉండే ఫలితాలు వేరు. ఫోన్‌కు వచ్చే ధృవీకరణ సంఖ్యను ఎవరికీ తెలుపరాదు. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలెను.

ప్రొఫైల్‌ను సంఘం పేరిట గల ఈ-మెయిల్‌తోనే తెరవవలెను. కంప్యూటర్ తెలిసిన యువకుడు తన సొంత ఖాతాతో తెరిచి, తరువాత ఉద్యోగరీత్యా ఊరు విడిచిపోతే, మారిన ఫోన్ నంబరును సైతం దిద్దుకొనలేని స్థితి సంఘానికి ఏర్పడుతుంది. అటువంటి వారిని నిర్వాహకులుగా మాత్రమే చేర్చి, యాజమాన్య హక్కు సంఘం వద్దనే ఉంచుకొనవలెను.

ఫలితాల పరిశీలన

దుకాణంలో కూర్చొని సొంత ఫోన్‌లో వెతికి, మన పేరే ముందు వచ్చినదని సంతోషించడం పొరపాటు. వెతికేవారు ఉన్న చోటునుబట్టి ఫలితం మారుతుంది కనుక, దుకాణంలో ఉన్నవారికి అది సహజంగానే ముందు కనిపిస్తుంది. ప్రొఫైల్‌లో ఎందరు ఫోన్ చేసినదీ, ఎందరు దారి అడిగినదీ, ఎందరు వెబ్‌సైట్‌కు వెళ్లినదీ లెక్క కనిపిస్తుంది. దానిని నెలకొకసారి పుస్తకంలో వ్రాసుకొని, అమ్మకాలతో పోల్చి చూసుకొనవలెను. మార్పు కొద్ది రోజులలోనే రాకపోయినా నిరుత్సాహపడరాదు.

ఈ పనులలో అధికభాగం ఖర్చు లేనివి. ఒక సెల్‌ఫోన్, సరైన చిరునామా, వారానికి ఒక గంట సమయం కేటాయించగల వ్యక్తి ఉంటే చాలును. ప్రతి సహకార సంఘం, ప్రతి చిన్న విక్రేత ముందుగా తమ దుకాణం పేరును వెతికి చూసుకొని, అక్కడ కనిపించిన నంబరుకు ఫోన్ చేసి, అది తమ దుకాణంలోనే మ్రోగుతున్నదో లేదో నిర్ధారించుకొనడంతో ఈ పనిని ప్రారంభించవలసి ఉన్నది.